బండలోకి దిగిన చేంతాడు

చేంతాళ్ళపల్లెకు వచ్చే భక్తులకు మొదట కనిపించేవి మూడు ఎండు గుంతలు. వాటి నడుమ ఉన్న బావిలో మాత్రం నీరు ఉంటుంది. గట్టు మీది చిన్న గుడిలో విగ్రహం లేదు. మూడు ముళ్ళతో చుట్టగా పెట్టిన పాత చేంతాడే ఇక్కడి అమ్మవారు. దాతల పేర్లు చెక్కిన పలక ఎంత వెతికినా దొరకదు. అందుకు కారణం ఇది.

పూర్వం ఇక్కడ నాలుగేళ్ళు వాన పడలేదు. ఉగాదిలోపు నీరు దొరకకపోతే ఊరు ఖాళీ చేయాలని పల్లెవారు నిర్ణయించుకున్నారు. సంగతి తెలిసి చుట్టుపక్కల నాలుగు సీమల పెద్దలు మనుషులను, గడ్డపారలను, తిండిగింజలను తీసుకుని సాయానికి వచ్చారు. అయితే ఎవరి బావి వారికే కావాలన్నారు. బావులు తవ్వే ఒడ్డెర తిమ్మన్న అందరూ ఒకచోటే తవ్విద్దామని బతిమాలాడు. అప్పుడది ఎవరి బావి అనిపించుకుంటుందని తూర్పు సీమ పెద్ద వీరపనాయుడు అడిగాడు. మిగతా ముగ్గురికీ ఆ మాటే నచ్చింది; నడుమ ఒకటి, చుట్టూ మూడు, నాలుగు గుంతలు మొదలయ్యాయి. మట్టి తోడే తాళ్ళకు కూడా ఎవరి రంగు వారు వేయించారు. ఎనిమిది నిలువుల లోతున నాలుగు గుంతల్లోనూ బండ తగిలింది. గింజలు అడుగంటాయి. పల్లెలో సామాను బండ్లకెక్కడం మొదలైంది.

ఆ మధ్యాహ్నం తిమ్మన్న భార్య ఓబుళమ్మ మట్టికుప్ప నీడలో కునుకు తీసింది. కలలో ఒక ముసలామె కనిపించి, నాలుగు తాళ్ళూ కలిపి నడిమి గుంతలో వదలమని చెప్పింది. ఓబుళమ్మ ఆ సంగతి చెబితే పెద్దలు నవ్వారు.

"బండ మీద తాళ్ళ పరుపు వేస్తావా, ఓబుళమ్మా?" అన్నాడు వీరపనాయుడు.

ఆమె నాలుగు తాళ్ళూ తెచ్చుకుంది. మూడు ముళ్ళు వేసి, కొసకు రాయి కట్టి వదిలింది. మొదటి తాడు అయిపోయింది. రాయి బండకు తగలాలి, తగల్లేదు. ముడి ఆమె చేతుల్లోంచి జారి లోపలికి పోయింది. రెండోదీ పోయింది. నవ్వినవారు గట్టు దగ్గరకు వచ్చి తొంగిచూశారు. అడుగున బండ కంటికి కనిపిస్తూనే ఉంది. తాడు ఆ బండలోకే దిగిపోతూ ఉంది. మూడో ముడి దాటేసరికి వీరపనాయుడి తలపాగా జారి పడింది. తీసుకోవాలన్న ధ్యాస కూడా ఆయనకు లేదు. చివరికి బారెడు తాడు మిగిలి ఉండగా రాయి ఆగింది. పైకి లాగితే కొసన మూరెడు తడి.

ఇది కట్టుకథ అనేవారున్నారు. బావి గోడలో మిగిలిన బండ మీద తాడు ఒరిసిన గాడి ఉంది, వచ్చి చూసుకోవచ్చు.

వీరపనాయుడు కొస రంగు కోసం తొంగిచూస్తూ, "తడిసింది ఎవరి తాడు?" అన్నాడు.

"పైన మూడూ లేకపోతే అది తడిసేదా, అయ్యా?" అంది ఓబుళమ్మ.

ఆయన పంచె ఎగగట్టి నడిమి గుంతలోకి దిగి గడ్డపార పట్టాడు. నాలుగు సీమల మనుషులూ అందులోనే వంతులవారీగా బండ పగలగొట్టారు. మిగిలిన గింజలు ఒకే పొయ్యి మీద ఉడికాయి. ఉగాది ముందురోజు, తాడు తడిసిన లోతునే నీరు పడింది. ఊరివారు బండ్ల మీది సామాను దించుకున్నారు.

నేటికీ ఉగాదినాడు నాలుగు సీమలవారు రంగు వేయని తాళ్ళు తెస్తారు. ఒడ్డెర ఇంటి ఆడపడుచు ముళ్ళు వేసి తొలి బిందె తోడుతుంది. పల్లెలో బడి గది కట్టాలన్నా, బాట వేయాలన్నా ఆ నాలుగు సీమలవారూ ముందు గుడిలోని ఈ ముళ్ళ ఎదుట కూర్చుని ఒక్క మాట మీదికి వస్తారు. వెళ్ళేటప్పుడు ఒకరి తాడు మరొకరు తీసుకుపోతారు. ఆ తాడు చేరిన ఊళ్ళో బావి ఎండదని నమ్మకం.

బావి నిండుగా ఉన్న ఏడాది కూడా, తాడు పైకి వచ్చేటప్పుడు ఎవరూ మాట్లాడరు. కొసన తడి కంటపడేదాకా అందరూ గట్టు మీద ఊపిరి బిగబట్టి నిలబడతారు.