కాళ్ళున్న కథ

కథకి కాళ్ళు లేవు, ముంతకి చెవులు లేవు అంటారు గానీ, ఈ కథకి ఉన్నవే కాళ్ళు. కాస్త అటు జరిగి ఊఁ కొట్టు.

అనగనగా ఒక ఊళ్ళో వరాలమ్మ అని ఒక మొండి మనిషి. ఆవిడకి రెండు మోకాళ్ళు. లేస్తే కలుక్కు, కూర్చుంటే కటుక్కు. నవ్వకు! నీవి కావుగా, నీకేం తెలుసు.

వరాలమ్మ కూతురు పురిటికి వస్తోంది. పుట్టే బిడ్డని తన కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నలుగు పెట్టి, తనే నీళ్ళు పొయ్యాలని వరాలమ్మ కోరిక. వాళ్ళమ్మ అలాగే పోసింది, వాళ్ళ అమ్మమ్మా అలాగే పోసింది. "ఆ ముచ్చట తీరకపోతే ఈ కాళ్ళెందుకు నాకు?" అని కళ్ళొత్తుకునేది.

అప్పుడు ఏం చేసిందీ? ముందు నొప్పితో పోట్లాటకి దిగింది. నువ్వా నేనా అంటూ ఇల్లంతా కింద కూర్చుని తుడిచింది. మోకాళ్ళు బూరెల్లా పొంగాయి.

ఆ తర్వాత భయపడి మంచమెక్కింది. దిగితే ఒట్టు! కాళ్ళు ఇంకా బిగుసుకుపోయాయి. పక్కింటి కామాక్షి వచ్చి, "తలకి ఆముదం పెట్టు వదినా, మోకాళ్ళు తగ్గుతాయి" అంది. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమంటే అదే. పాపం, అదీ పెట్టుకుంది. జిడ్డు మిగిలింది.

ఆ తర్వాత బుద్ధొచ్చి డాక్టరమ్మ దగ్గరికెళ్ళింది.

"గుజ్జు అరిగిందండీ. అరిగింది తిరిగి రాదు. తొడల్లో బలం పెంచుకుంటే నొప్పి తగ్గుతుంది. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి కాసేపు ఉంచండి. రోజూ కాస్త నడవండి. కింద మాత్రం కూర్చోకండి" అందావిడ.

కింద కూర్చోకూడదా! మరి నీళ్ళెలా పొయ్యడం? వరాలమ్మ దారంతా అదే గొణుక్కుంది. అయినా చెప్పింది చెప్పినట్టు చేసింది. పొద్దున్నే కాపడం, ఆ తర్వాత నడక, ఆ తర్వాత కుర్చీలో కాళ్ళు చాపడం. చూసినవాళ్ళు నవ్వారు. నవ్విన నాపచేనే పండుతుందమ్మా! నొప్పి పూర్తిగా పోయిందా అంటే, పోలేదు. చుట్టంలా వచ్చి పోతూండేది.

బిడ్డ పుట్టింది. నీళ్ళు పోసే రోజొచ్చింది. పెరట్లో పీట వేశారు. వరాలమ్మ సగం వంగింది. మోకాళ్ళు ససేమిరా అన్నాయి. కామాక్షి జాలిపడి, "నేను పోస్తాలే వదినా" అంటూ బిడ్డ కోసం చేతులు చాపింది. వరాలమ్మకి ఏడుపు ఆగలేదు.

అప్పుడు పక్కనే బట్టలుతికే బండ కనపడింది.

"ఆగు కామాక్షీ! కింద కూర్చోవద్దంది గానీ, కాళ్ళు చాపొద్దనలేదుగా!"

బండ మీద కూర్చుంది. ఎదురుగా స్టూలు వేయించింది. దాని మీదకి కాళ్ళు చాపింది, రోజూ కుర్చీలో చాపినట్టే. "తెండి నా తల్లిని" అంది. బిడ్డ కాళ్ళ మీదకొచ్చింది. కాళ్ళు వణకలేదు. మీ తాతయ్య చెంబుతో నీళ్ళందిస్తుంటే...

"మా తాతయ్యా? అయితే వరాలమ్మ నువ్వేనా అమ్మమ్మా?"

ఓసి నీ అఘాయిత్యం కూలా! నోరు జారాను. అవునే, నేనే. నీళ్ళు పడగానే గుక్కపట్టి ఏడ్చిన ఆ బిడ్డవి నువ్వే. ఆఖరి చెంబు పోసేసరికి నా కాళ్ళ మీదే నిద్రపోయావు. ఆ రోజే ఈ మోకాళ్ళకి దండం పెట్టుకున్నాను. "అరిగితే అరిగారు తల్లుల్లారా, నా బంగారాన్ని మోశారు, నాకది చాలు" అన్నాను. ఇప్పటికీ పడుకునే ముందు ఆ మాట చెబుతాను.

"నేనూ చెప్పనా?"

చెప్పు. మెల్లిగా చెయ్యి వెయ్యి, ఆ ఎడమది కాస్త కోపిష్టిది. ఆఁ, అలా.

కథేమో కంచికి,
కాళ్ళేమో మంచానికి,
బుజ్జమ్మేమో నిద్రకి,
పొద్దున్నే ఇద్దరం నడకకి!