ఎండబెట్టీసావా సోమన్నా

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు. సముద్రం ఊరి గుమ్మం దాకా వచ్చి పలకరించి వెళ్తున్న రోజుల మాట. అప్పుడు మడరేవు అని ఒక ఊరు ఉండేది. ఆ ఊరికి ఒక ఓడ ఉండేది. మూడు తెరచాపలు, టేకు చెక్క ఒళ్ళు. దానికి పెట్టిన పేరు వేరే ఏదో ఉందిగానీ, అది పెట్టినవాళ్ళకే గుర్తు లేదు. ఊరంతా దాన్ని పెద్దమ్మ అనేవాళ్ళు. ఓడ సముద్రం దాటి రంగూన్ దాకా, వాళ్ళ మాటలో రంగం, వెళ్ళి తిరిగొస్తే, ఇంటికి చుట్టం వచ్చినట్టు, "పెద్దమ్మ వచ్చింది" అని గడపలోకి వచ్చి నిలబడేవాళ్ళు.

ఆ ఓడ మీద ఎవరు బాగుపడ్డారో మనకెందుకు? దాన్ని మునగకుండా చూసినవాళ్ళ సంగతి చెబుతాను, వినండి.

ఓడంటే చెక్కలే కదా. చెక్కకీ చెక్కకీ మధ్య సందు ఉంటుంది. ఆ సందులో నార కుక్కి, గుగ్గిలం నూనెలో కాచి పైన పుయ్యాలి. లేకపోతే సముద్రం లోపలికొచ్చి కూర్చుంటుంది. ఆ సందులు నింపేవాడు ఎర్రయ్య. నార పేనేదీ, గుగ్గిలం కాచేదీ అతని పెళ్ళాం పైడమ్మ. ఆవిడ సంతకి వస్తే మనిషి కంటే ముందు గుగ్గిలం వాసన వచ్చేది. చెక్క పనికి ఎర్రయ్య పక్కన ఎప్పుడూ వడ్రంగి సోమన్న ఉండేవాడు. సోమన్న చెయ్యి మంచిది. నోరు ఇంకా మంచిది. నలుగురిని నవ్వించకుండా ఉలి పట్టేవాడు కాదు.

ఈ పనిలో ఉన్నవాళ్ళకి ఒక అలవాటు ఉంది. విడిపోయేటప్పుడు "వస్తాను" అనరు. "ఎండనీకు" అంటారు. ఓడకి నీళ్ళకన్నా ఎండే పెద్ద శత్రువు మరి. తడి తగలని చెక్క ముడుచుకుంటుంది, సందు నోరు తెరుస్తుంది. నానితే నావ, ఎండితే కట్టె. వాళ్ళ చదువంతా ఆ ఒక్క మాటే.

ఒక ఏడు ఉప్పెన వచ్చింది. మూడు రోజులు గాలి. మూడు రోజులు వాన. మూడు రోజులు నీళ్ళు. పొలమేదో, సముద్రమేదో తెలియలేదు. పిల్లాజెల్లా, గొడ్డూగోదా, ఊరంతా పెద్దమ్మ ఎక్కేసింది. అంత బరువు ఎప్పుడూ మోయని పెద్దమ్మ మొదటి రోజే అడుగున ఒక చెక్క దగ్గర నోరు తెరిచింది.

ఎర్రయ్య తలపాగా బిగించి, కిందకి దిగబోతూ పెళ్ళాన్ని చూసి, "పెద్దమ్మని ఎండనీకే" అన్నాడు.

చుట్టూ నీళ్ళే, ఇంకా ఎండడమేమిటని ఆవిడ నవ్వింది. ఆ నవ్వే అతను చూసిన ఆఖరిది.

సోమన్న కూడా వెనకాలే దిగాడు. లోపల నార నిలవలేదు. కుక్కిందంతా నీళ్ళు ఊడ్చుకుపోతున్నాయి. ఎర్రయ్య తలపాగా విప్పి సందులో కుక్కి, ఆ చెక్కకి వీపు ఆనించి, కాళ్ళు ఎదటి దూలానికి తన్నిపట్టి కూర్చున్నాడు.

"నానో పూట, నువ్వో పూట" అన్నాడు.

ఒక రోజు గడిచింది. రెండు రోజులు గడిచాయి. మూడో రోజు సోమన్న వంతు వచ్చింది.

"దాహమేస్తంది ఎర్రన్నా. గుక్కెడు మంచినీళ్ళు తాగొచ్చీస్తాను."

"బేగి రా" అన్నాడు ఎర్రయ్య.

సోమన్న పైకి వచ్చాడు. పైన వెలుతురు ఉంది. గాలి తగ్గింది. పెళ్ళాం ఏడుస్తూ చెయ్యి పట్టుకుంది. ఇదిగో వెళ్తాను అనుకున్నాడు. ఇంకాసేపట్లో వెళ్తాను అనుకున్నాడు. కాస్త కన్ను మూసి వెళ్తాను అనుకున్నాడు. తీరా వెళ్ళేసరికి ఎర్రయ్య అలాగే కూర్చుని ఉన్నాడు. వీపు చెక్క మీదే ఉంది. కళ్ళు నిచ్చెన వైపు చూస్తున్నాయి. ప్రాణం లేదు. అతని వీపు దాటి చుక్క నీరు రాలేదు.

పైకి తీసుకెళ్తే అడుగుతారు, నువ్వెక్కడున్నావు అని. సోమన్నకి ఆ ఒక్క ప్రశ్నే కనిపించింది. గాలితో పాటు నీళ్ళ తోపుడూ తగ్గింది, సందులో కుక్కిన నార ఇప్పుడు నిలిచింది. ఒడ్డు కనబడుతోందని జనమంతా ముందువైపు కేకలు వేస్తుంటే, వెనకవైపు నుంచి ఎర్రయ్యని నీళ్ళలోకి వదిలేశాడు. తర్వాత వెళ్ళి పైడమ్మ ముందు తలదించుకుని నిలబడ్డాడు.

"ఎర్రన్న కాలు జారి కొట్టుకుపోనాడు వదినా."

పిరికితనం ఒక్క పూటదే. దానికి వేసిన మూత మాత్రం ముప్పై ఏళ్ళు మొయ్యాల్సి వచ్చింది.

"కొట్టుకుపోయినోడు ఏ ఒడ్డునో తేల్తాడు" అంది పైడమ్మ. బొట్టు చెరపమంటే, "శవాన్ని సూపించండి, సెరుపుతాను" అంది. ఎవరు చూపిస్తారు? ఆవిడ బొట్టు ఆవిడ నుదుటే ఉండిపోయింది.

నీళ్ళు తీశాయి. పెద్దమ్మ ఏటిపాయలో బురదలో కూర్చుంది. పాయ నోట్లో ఇసక మేట వేసింది. ఓడ నడిపే సరంగు నల్లయ్య చుట్టూ తిరిగి చూసి, ఇంక ఇది నడవదు అన్నాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఈ మాట ఎవరికి తెలియదు? తెలిసీ అలాగే చేస్తాం.

మొదటి చెక్క ఊడదీసింది సోమన్నే. ఏ చెక్కనుకుంటున్నారు? అదే. ఎర్రయ్య వీపు ఆన్చిన చెక్క. అది అక్కడ ఉన్నంతకాలం అతనికి నిద్ర పట్టలేదు. ఊడదీసి తన బండికి అడుగుపలకగా బిగించుకున్నాడు. నలుగురూ వింతగా చూస్తే నవ్వేశాడు.

"ఓడలు బళ్ళవుతాయని పెద్దలు ఊరికే అన్నారేటి?"

నవ్వించేవాడు దారి చూపిస్తే ఊరు నడవడానికెంతసేపు? ఒకరు తలుపుకి పట్టుకెళ్ళారు. ఒకరు మంచానికి పట్టుకెళ్ళారు. ఒకరు మనవడి ఉయ్యాలకి పట్టుకెళ్ళారు. పట్టుకెళ్ళిన ప్రతివాడూ ఆ మాటే అని నవ్వాడు.

పైడమ్మ ఎవరినీ తిట్టలేదు. బిందె తీసుకుంది. పొద్దున మూడు బిందెలు, మిట్టమధ్యాహ్నం మూడు, పొద్దుగూకే ముందు మూడు. మిగిలిన చెక్కల మీద నీళ్ళు పోసేది. విప్పారిన సందుల్లో నార కుక్కేది.

"ఏటే పైడమ్మా, సచ్చిన పెద్దమ్మకి తలంటు పోస్తన్నావా?" అని ఎగతాళి చేసేవాళ్ళు.

"నానితే నావ, ఎండితే కట్టె" అనేది. "ఎండనీకు అన్నాడు. ఆయనొచ్చి అడిగితే ఏటి సెప్పను?"

ఆవిడ ఇల్లిల్లూ తిరిగి అడిగింది. తలా ఒక బిందె పొయ్యండి, పట్టుకెళ్ళిన చెక్క తెచ్చియ్యండి, పెద్దమ్మ లేస్తుంది అంది. మొదటి ఏడు నవ్వారు. రెండో ఏడు విసుక్కున్నారు. మూడో ఏడు ఆవిడ వీధిలోకి వస్తుంటే తలుపులు వేసుకున్నారు. ఆ తలుపులూ ఓడ చెక్కవే.

సోమన్న ఊరుకోలేదు, పాపం. నిజం చెప్పేద్దామని ఒకసారి వెళ్ళాడు. ఆవిడ విస్తరి వేసి, "ఆయనకి తమ్ముడిలాంటోడివి, తినకుండా ఎల్లకు" అంది. తిని వచ్చేశాడు. ఇంకోసారి వెళ్ళాడు. "ఉలి తేలేదేటి సోమన్నా? ఈ సందు సూడు, నా సేతికి లొంగట్లేదు" అంది. ఉలి తెస్తానని వచ్చేశాడు. మళ్ళీ వెళ్ళలేదు. ముప్పై ఏళ్ళు అతను పక్క సందులోంచి తిరిగి నడిచాడు.

ఒక వేసవిలో పైడమ్మ మంచం పట్టింది. మూడు రోజులు పెద్దమ్మ మీద నీళ్ళు పడలేదు. మూడో రోజు మధ్యాహ్నం సోమన్నకి కబురొచ్చింది. వదిన పిలుస్తోంది అని.

వెళ్ళేసరికి ఆవిడ చాప మీద ఉంది. బొట్టు చెమటకి కారిపోయింది. గుడిసెలో గుగ్గిలం వాసన అలాగే ఉంది. వాకిట్లో నల్లయ్య సరంగు కర్ర పట్టుకుని కూర్చున్నాడు.

"సోమన్నా, ఆయన్ని ఆఖర్న సూసినోడివి నువ్వే గదా. ఏ దిక్కుకి కొట్టుకుపోనాడో సెప్పు. తల అటు పెట్టించుకుంటాను."

ముప్పై ఏళ్ళ అబద్ధానికి ఒక్క దిక్కు కావలసివచ్చింది. తూర్పు అంటే సరిపోయేది. సోమన్న నోరు తెరిచాడు. తూర్పు అన్న మాట రాలేదు.

"ఏ దిక్కుకీ పోలేదు వదినా. ఓడలోనే పోనాడు. మూడు రోజులు సెక్కకి వీపానించి, అలాగే పోనాడు. నా వంతు వచ్చింది. నాను రాలేదు. నన్నడుగుతారని నీళ్ళల్లో ఒదిలీసినాను."

ఆవిడకి కోపం వస్తే బాగుండునని సోమన్న ఎదురు చూశాడు. రాలేదు.

"అయితే ఇన్నేళ్ళూ నాను నీళ్ళోసింది ఆయన వీపు మీదన్నమాట" అంది మెల్లగా. ఆవిడ ముఖంలో చిన్న వెలుగు కూడా వచ్చింది. "మంచిదే. ఆ సెక్క ఏదో సూపించు. నన్ను పట్టుకుని అక్కడికి తీసుకెళ్ళు."

సోమన్న నేల మీద కూలబడ్డాడు.

"అది ఓడలో లేదు వదినా. నా బండిలో ఉంది."

ఆ వెలుగు పోయింది. ముప్పై వేసవుల ఎండ ఆవిడ కళ్ళ ముందు తిరిగింది కాబోలు.

"ఎండబెట్టీసావా సోమన్నా?" అంది.

అంతే. ఆ తర్వాత ఆవిడ ఇంకేమీ అడగలేదు. పొద్దుగూకేలోగా పోయింది.

తెల్లవారింది. ఆవిడకి నా అన్నవాళ్ళు లేరు. చితికి కట్టెలు ఎవరివ్వాలి? ఊరికి అలవాటైన దారి ఒకటి ఉందిగా. "ఆవిడ ఓడే గదా, ఆవిడతోనే పోనీ" అని వెళ్ళి పెద్దమ్మ చెక్కలు ఊడదీసుకొచ్చి పేర్చారు. నిప్పు పెట్టారు. అంటుకోలేదు. ఎండు తాటాకు వేసి పెట్టారు. అంటుకోలేదు. ఆవిడ గుడిసెలో ఉన్న గుగ్గిలం తెచ్చి పోసి పెట్టారు. గుగ్గిలం కాలిపోయింది. చెక్క చెమ్మగా, నల్లగా అలాగే ఉంది. మూడు రోజులు నీళ్ళు లేకపోయినా, ముప్పై ఏళ్ళ తడి దాని లోపల ఉంది.

నల్లయ్య సరంగు వంగి ఆ చెక్క మీద చెయ్యి వేశాడు. చెయ్యి తీసి చూసుకున్నాడు. తడి.

"ఇది కట్టె కాదర్రా" అన్నాడు. "ఇది ఇంకా నావే."

అప్పుడు బండి చప్పుడు వినిపించింది. సోమన్న తన బండిని తనే కాడి పట్టి లాక్కుంటూ వస్తున్నాడు. అందరూ చూస్తుండగా గొడ్డలితో బండి విరిచాడు. చక్రాలు, కాడి, ఇరుసు చితి మీద వేశాడు. అడుగుపలక మాత్రం పక్కకి తీసి గుండెకి ఆనించుకున్నాడు. నిలబడి, ఊరందరి ముందూ, గుడిసెలో చెప్పిందే మళ్ళీ చెప్పాడు. ఆవిడ ఆఖర్న అడిగింది కూడా చెప్పాడు. ఒక్కమాట దాచలేదు.

అతన్ని కొడతారేమో అనుకున్నాడు. ఎవరు కొడతారు? ఎర్రయ్య వీపు మీద బతికినవాళ్ళే అందరూ. ఎండబెట్టనివాడెవడు అక్కడ?

పైడమ్మ చితి సోమన్న బండితో కాలింది. పెద్దమ్మ చెక్కలు మళ్ళీ పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాయి.

మర్నాటి నుంచి ఒక్కొక్కటే రావడం మొదలుపెట్టాయి. తలుపు వచ్చింది. మంచం పట్టీలు వచ్చాయి. ఉయ్యాల వచ్చింది, అందులో ఊగిన మనవడే, మీసాలొచ్చినవాడు, నెత్తిన పెట్టుకుని తెచ్చాడు. ఓడలు బళ్ళవుతాయని నవ్విన ఊళ్ళో బళ్ళు మళ్ళీ ఓడయ్యాయి. ఈసారి ఆ మాట అని ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్ళు నార పేనారు. మగవాళ్ళు ఇసక మేట తవ్వారు. తలుపుల్లేని ఇళ్ళలో ఆ వానాకాలం జల్లు కొట్టింది. ఎవరూ కిక్కురుమనలేదు.

అన్ని చెక్కలూ కుదిరాయి, ఒక్కటి తప్ప. ఎర్రయ్య చెక్క ముప్పై ఏళ్ళు ఎండి ముడుచుకుపోయింది. బిగిస్తే పక్కన బొటనవేలంత సందు.

"కొత్త సెక్క ఏసీరా" అన్నాడు నల్లయ్య.

"కొత్తది ఒద్దు తాతా. తడుపుతాను" అన్నాడు సోమన్న.

పొద్దున మూడు బిందెలు, మధ్యాహ్నం మూడు, పొద్దుగూకే ముందు మూడు. అతని వెనక ఊరంతా వరసలో నిలబడి తలా ఒక బిందె. మొదటి అమావాస్యకి సందు అలాగే ఉంది. రెండో అమావాస్యకి చిటికెనవేలంత ఉంది. మూడో అమావాస్యకి సోమన్న వేలితో తడిమి చూశాడు. వెంట్రుక కూడా దూరలేదు.

పౌర్ణమి పోటుకి పెద్దమ్మ బురద వదిలి లేచింది. కొబ్బరికాయ కొట్టారుగానీ కేకలు వెయ్యలేదు. చూడాల్సినావిడ లేదు. ఓడ ఎక్కమంటే సోమన్న ఎక్కలేదు. బతికినన్నాళ్ళూ ఒడ్డునే ఉండి నీళ్ళు పోశాడు.

ఇప్పటికీ ఆ పాయలో పెద్దమ్మ ఉందంటారు. ఎండలు ముదిరితే ఇంటికొకరు బిందెతో వెళ్తారు. నీళ్ళు పోసేటప్పుడు మంత్రం లేదు, పాట లేదు. "ఎర్రయ్యా, నీ వీపుకి" అని ఒక బిందె, "పైడమ్మా, నీ చేతికి" అని ఒక బిందె. మూడో బిందె ఊరికే పోస్తారు. అది సోమన్నది. అతని పేరు అక్కడ ఎత్తరు.

ఆ పేరు ఎత్తే చోటు వేరే ఉంది. ముసలి తల్లిని చూడ్డానికి వెళ్తానని వెళ్ళనివాణ్ణి, ఇదిగో వస్తానని మాటిచ్చి రానివాణ్ణి, ఆ వైపు ఊళ్ళలో ఎవరూ తిట్టరు. పక్కన కూర్చుని, చెవిలో మెల్లగా, "ఎండబెట్టీసావా సోమన్నా?" అంటారు. అది విన్నాక వాడు లేచి వెళ్ళాల్సిన చోటికి వెళ్తాడు.

కథ ఇక్కడ ఆగింది. మీరు లేవండి, మీకోసం చూస్తున్నవాళ్ళు ఎవరో ఉంటారు.