పీచుకి రెండో కొస

దిగుడుబావి మీదికి వంగిన ఒక ఈతచెట్టు మీద గిజిగాళ్ళు కాపురం ఉండేవాళ్ళు. వాళ్ళలో ఒకడి కొడుక్కి ముడి వేయడం రాలేదు.

గిజిగాడి బతుకంతా ఆ మొదటి ముడిలోనే ఉంది. జొన్నాకు చీల్చి తెచ్చిన పీచుని కాలితో తొక్కిపట్టాలి, ముక్కుతో కొమ్మ చుట్టూ తిప్పాలి, కిందనుంచి దూర్చి లాగాలి. అది నిలిస్తే గూడు దాన్ని పట్టుకుని వేలాడుతుంది. చేతులివ్వకుండా నేతపని అప్పగించాడు ఆ భగవంతుడు. ఆయన సరదాలు ఆయనవి, మనమెవరం అడగడానికి.

పిల్లగిజిగాడు నలభైసార్లు ముడి వేశాడు. నలభైసార్లూ జారింది.

"కిందనుంచి దూర్చరా అంటే పైనుంచి దూరుస్తావేం?" అన్నాడు తండ్రి.

"కొసలు రెండూ ఒకటే మొహంతో ఉన్నాయి నాన్నా. ఏది ఏదో చెప్పవు."

"అవెందుకు చెప్తాయి? నువ్వు చూడాలి."

"చూస్తూనే ఉన్నాను. చూసేకొద్దీ చోటు మార్చుకుంటున్నాయి."

తండ్రికి అది పొగరుగా తోచింది. పిల్లవాడు మాత్రం ఉన్నమాటే చెప్పాడు.

ఈ సంగతి చెట్టుకి పెద్దదిక్కయిన పెద్ద గిజిగాడి దాకా వెళ్ళింది. ఆయన పక్క కొమ్మ మీదికి వచ్చి వాలాడు.

"ఆరుద్ర కార్తె వచ్చేస్తోంది. తొలి చినుకు పడేలోగా ముడి పడకపోతే మీవాడు వెళ్ళి చూరుకింద ఊరపిచ్చుకల్లో కలవాల్సిందే. ఇంకోమాట. ఇలాంటివి ఊరికే రావు, రక్తంలో దిగుతాయి. ఏ వైపు నుంచి దిగిందో తేల్చుకు రా. ఆ వైపు పిల్లలెవరికీ ఇకమీద ఈ చెట్టు మీద కొమ్మ లేదు."

తండ్రి భార్య వైపు చూశాడు. ఆమె అప్పటికే అతని వైపు చూస్తోంది.

"మావైపు ఏడు తరాల్లో ఎవరికీ ముడి జారలేదు" అన్నాడు.

"మావైపు ఎనిమిది" అందామె.

కొడుకు పోతాడన్న దిగులు ఒకపక్క, వంశం పేరు పోతుందన్న బెంగ ఒకపక్క. ఏది ఎక్కువ బరువో ఆ తండ్రికే తెలియదు. నేరుగా మావయ్య దగ్గరికి ఎగిరిపోయాడు. మావయ్య అంటే పిల్లనిచ్చిన మామ మాత్రమే కాదు, కన్నతల్లికి సొంత తమ్ముడు కూడా. గిజిగాళ్ళలో మేనరికాలేమిటని నవ్వకండి, నవ్వేముందు ఎవరింట్లో వాళ్ళు ఒకసారి లెక్క చూసుకోండి.

"మావయ్యా, ఇది మీ అమ్మాయి వైపు నుంచి వచ్చిందే" అన్నాడు తండ్రి.

"అమ్మాయి వైపంటే నా వైపేగా. మాలో లేదు. మీ అమ్మ వైపు వెతుక్కో అల్లుడూ."

"మా అమ్మ నీకు అక్కేగా మావయ్యా."

"అయితే మీ నాన్న వైపు" అన్నాడు మావయ్య. "పాపం, పోయినవాడు. ఎదురు చెప్పడు."

ఎటూ తేలలేదు. ఇద్దరూ కలిసి కాలవగట్టు మీది తుమ్మచెట్టుకి వెళ్ళారు. మావయ్యని కన్న ముసలమ్మ అక్కడే ఉంటోంది. ఆమె ఉన్న గూడు ఆమె మొగుడు కట్టింది, పన్నెండు వానాకాలాలు చూసింది. ఏ సంబంధానికి వెళ్ళినా ఈ వంశంవాళ్ళు ముందు దాని పేరే చెప్పుకునేవాళ్ళు.

ముసలమ్మ గొడవంతా విని, "ఆ పైముడి చూడండి" అంది.

ఇద్దరూ తలకిందులుగా వేలాడి చూశారు.

"ఇదేంటి అమ్మమ్మా, తిరగబడి ఉంది?" అన్నాడు తండ్రి.

"మీ తాతకి కొసలు తెలిసేవి కాదురా. ఒకటి నేను ముక్కున పట్టుకుంటే రెండోది ఆయన తిప్పేవాడు. ఇక ఏది ఏదని వెతుక్కునే పనేముంది?"

"ఎవరూ చూడలేదా?"

"చూశారు. కొత్త జంట, సరసాలాడుకుంటున్నారు అనుకున్నారు."

మావయ్య మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఎంత వయసొచ్చినా అమ్మానాన్నల సరసం వినలేం కదా.

"మరి నాకు చక్కగానే వచ్చిందే" అన్నాడు తండ్రి.

"వచ్చిందని ఎవరు చెప్పారు? నువ్వు ముడి నేర్చిన నెల మీ అమ్మ ఎక్కడ కూర్చునేది?"

"ఆకు వెనక. నెలంతా నాతో ఒక్కమాట మాట్లాడలేదు. ఎందుకో కోపమొచ్చింది అనుకున్నాను."

ముసలమ్మ ఒక పీచు కొస ముక్కున కరిచి, ఆకు వెనక్కి జరిగి చూపించింది. ఆ తల్లి పోయి మూడు వానలు దాటింది. తండ్రి చాలాసేపు తన ముక్కు చివరనే చూసుకుంటూ కూర్చున్నాడు.

తిరిగి వచ్చేసరికి మబ్బు బావి మీదికి దిగింది. మావయ్య కూడా వెంట వచ్చాడు.

"తేలిందా? ఎవరి వైపు?" అంది భార్య.

తండ్రి వెళ్ళి కొడుకు పక్కన వాలి, పీచు కొస ఒకటి ముక్కున కరుచుకుని కదలకుండా కూర్చున్నాడు.

"నాన్నా, ఇది ఎక్కడికీ పారిపోవట్లేదు" అన్నాడు పిల్లవాడు ఆశ్చర్యంగా.

అయినా ముడి జారింది. ఇంకోరోజైతే తండ్రి నాలుగు మాటలు అనేవాడే. ముక్కున పీచు ఉన్నవాడు ఏమంటాడు? మళ్ళీ జారింది. భార్య దగ్గర కూడా మాటలు చాలానే ఉన్నాయి. అతని మెడ వణకడం చూసి, వచ్చి అదే కొసని ఇంకాస్త వెనకగా కరుచుకుంది. ఆమె వెనక మావయ్య.

అప్పుడే పెద్ద గిజిగాడు వచ్చాడు. "ఏ వైపో తేల్చుకొచ్చావా?"

ముగ్గురూ కళ్ళు మాత్రం తిప్పారు.

"అడిగేది మిమ్మల్నే. ఎవరి పోలిక వీడిది?"

పిల్లవాడు చుట్టు తిప్పి, పీచుని కాలితో తొక్కిపట్టి తలెత్తాడు. అక్కడ ముక్కు ఖాళీగా ఉన్నది ఆయన ఒక్కడికే.

"పెద్దయ్యా, కాస్త ఈ మెలిక పట్టుకుంటారా? జారిపోతోంది."

ఆయన వంగి మెలిక కరుచుకునేసరికి తొలి చినుకు పడింది. ముడి నిలిచింది. పెద్ద గిజిగాడి గొంతు మాత్రం ఆ పూటంతా ఎవరికీ వినపడలేదు.