తడి ఎంత లోతు దిగింది

ఆ వేసవిలో కంబగిరి దిగులంతా గడ్డి గురించే. ఎన్ని నీళ్లు పోసినా గురువుగారి ఇంటి ముందరి పచ్చిక ఎండిపోతూ వచ్చింది.

గురువు మీరావలి స్వామి ఉండేది నాపరాళ్ల గనులున్న ఊళ్లో. అక్కడ గోడలు రాయే, ఇంటికప్పు రాయే, వీధి కూడా రాయే. పొద్దెక్కితే ఎక్కడ కూర్చున్నా ఒళ్లు కాలిపోతుంది. అందుకని స్వామి తన ఇంటి ముందున్న బండలన్నీ పీకించి, ఎర్రమట్టి తోలించి, గరిక నాటించాడు. గనుల్లో పనిచేసి వచ్చినవాళ్లు, ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు సాయంత్రాలు వచ్చి ఆ గడ్డి మీద కాళ్లు చాపుకుని కూర్చునేవాళ్లు. ఏ దేవుడికి మొక్కేవాళ్లని అడిగేది లేదు. దీపాలు పెట్టే వేళకు అందరికీ విస్తరాకుల్లో అన్నం. స్వామి బోధలు చెయ్యడు. ఎవరైనా ఏడిస్తే పక్కన కూర్చుంటాడు, అంతే.

కంబగిరికి ఆయన అప్పజెప్పినవి రెండు. ఒకటి ఆ గడ్డి, రెండోది పక్కీరమ్మ.

పక్కీరమ్మ కొడుకు ఖాసీం గనిలో బండ విరిగి మీదపడి చచ్చిపోయాడు. మొగుడు అంతకు ముందే లేడు. కొడుకును మట్టిలో పెట్టిన నాటి నుంచి ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఆ సంగతి తెలిసి స్వామి ఆమెను పిలిపించాడు. రోజూ సాయంత్రం తన ఇంటి నుంచి అన్నం తీసుకోమని ఒప్పించాడు. ఆమె వెళ్లాక కంబగిరిని దగ్గరికి రమ్మన్నాడు.

"ఆ తల్లి ప్రాణం నీ చేతిలో పెడతాండా. చూసుకో."

కంబగిరి చూసుకున్నాడు. చూసుకోలేదని ఎవరూ వేలెత్తి చూపడానికి లేదు. పొద్దున ఆమె ఇంటి ముందు నుంచి పోతూ "తింటివా పెద్దమ్మా?" అనేవాడు. మధ్యాహ్నం కొళాయి దగ్గర కనిపిస్తే మళ్లీ అదే మాట. "తింటి నాయనా" అనేది ఆమె. ఆ జవాబు చెవిన పడేసరికి అతను అవతల ఇంకొకరిని పలకరిస్తూ ఉండేవాడు. అతన్ని అని ఏం లాభం, మన పలకరింపే అట్లాంటిది. తిన్నావా అని అడుగుతాం, తిన్నానంటారు, మన దారిన మనం పోతాం. సాయంత్రం అందరికంటే ముందు ఆమెకే ఆకు నిండా అన్నం పెట్టి ఇచ్చేవాడు. నలుగురిలో తినలేనని ఆమె ఆకును నాలుగు మడతలు మడిచి, కొంగు చాటున పెట్టుకుని వెళ్లిపోయేది. తన బాధ్యత తీరిందని కంబగిరి ఊపిరి పీల్చుకునేవాడు.

గడ్డి విషయంలోనూ అదే శ్రద్ధ. పొద్దున, మిట్టమధ్యాహ్నం, మళ్లీ సాయంత్రం పైపు పట్టుకుని పచ్చికంతా కలియదిరుగుతూ నీళ్లు చిలకరించేవాడు. ఎక్కడా నిలబడడు. ఒక మూలకు ఎక్కువ, ఒక మూలకు తక్కువ అనే మాట రాకూడదు మరి. తడిసిన గరిక తళతళ మెరుస్తుంటే వచ్చినవాళ్లు మెచ్చుకునేవాళ్లు. ఒక్క పరకను కూడా తాను మరిచిపోలేదని అతనికి లోలోపల గర్వం.

ఎండలు ముదిరాయి. బోరు మోటారు కాలిపోయి కొన్నాళ్లు నీళ్లు రాలేదు. చూస్తూ ఉండగానే గడ్డి రంగు తిరిగింది. మొదట నీలిగా, తర్వాత బూడిదగా అయింది. నడిస్తే అడుగులు అచ్చుగుద్దినట్టు అలాగే ఉండిపోయాయి, పరక లేచి నిలబడలేదు. మోటారు బాగయ్యాక కంబగిరి ఇంకా ఎక్కువసార్లు చల్లాడు. ఫలితం లేదు. చివరికి గురువు ముందు నిలబడి గోడు వెళ్లబోసుకున్నాడు. పొద్దాక ఇదే పనిలో ఉన్నాననీ, ఇంకేం చెయ్యాలో తోచడం లేదనీ అన్నాడు.

స్వామి లేచి పార తీసుకున్నాడు. అప్పుడే నీళ్లు చల్లిన చోట పార అంచును గడ్డి కింద పెట్టి ఎత్తాడు. గరిక చాప లేచినట్టు లేచి వచ్చింది. వేళ్లు గోరంత లోతు కూడా లేవు. నీళ్లు పైపైనే ఉంటే వేళ్లు కిందికి ఎందుకు పోతాయి? స్వామి దాని కిందున్న మట్టి పిడికెడు తీసి కంబగిరి అరచేతిలో పోశాడు. అది పొడి దుమ్ము. వేళ్ల సందుల్లోంచి జారిపోయింది.

"కింద ఏముందో ఎప్పుడన్నా చూసినావా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్లిపోయాడు.

కంబగిరి తెలివైనవాడు. ఒక్కసారి చూపిస్తే చాలు. గడ్డి సంగతి పూర్తిగా అర్థం చేసుకున్నాడు.

మధ్యాహ్నం నీళ్లు చల్లడం మానేశాడు, సగం ఎండకే పోతున్నాయని. తెల్లవారుతుండగా లేచి, పచ్చికను మనసులో మడులుగా విడదీసుకుని, ఒక్కో మడి దగ్గర నిలబడి నిదానంగా నీళ్లు పెట్టేవాడు. నీళ్లు ఇంకకుండా పక్కకు పారడం మొదలైతే పైపు పక్క మడికి మార్చి, ఇంకిన తర్వాత మళ్లీ వచ్చేవాడు. అయ్యాక ఒక సన్నటి ఇనప చువ్వ తెచ్చి మట్టిలో గుచ్చేవాడు. తడి ఉన్నంత లోతు చువ్వ సులువుగా దిగుతుంది, పొడి తగలగానే ఆగిపోతుంది. జానెడు లోతు దిగితేనే అతనికి తృప్తి. ఆ తర్వాత కొన్నాళ్లు ముట్టుకునేవాడు కాదు. అడుగు వేస్తే గరిక లేవకుండా పడి ఉన్న రోజున మళ్లీ నీళ్లు. వేళ్లు తడిని వెతుక్కుంటూ లోపలికి దిగాయి. గడ్డి తేరుకుంది, మునుపటికంటే చిక్కగా.

ఊళ్లో ఇంటి ముందు పచ్చిక పెంచుకునే షావుకార్లు కూడా వచ్చి అతని దగ్గర నేర్చుకుపోయారు. నీళ్లు పోశామని చేతులు దులుపుకోకూడదు, ఎంత లోతు దిగాయో చూసుకోవాలి అని కంబగిరి వాళ్లకు గంభీరంగా చెప్పేవాడు. మెట్టు మీద కూర్చున్న స్వామి అది వింటూ ఉండేవాడు.

ఒక పొద్దున పక్కీరమ్మ అటుగా వచ్చి పచ్చిక అంచున నిలబడింది. రవిక భుజాల మీద వదులుగా వేలాడుతోంది. కంబగిరి వంగి చువ్వ గుచ్చుతున్నాడు.

"ఏం చూస్తాండావు నాయనా?" అంది.

"లోపల తడి ఉందో లేదో చూస్తాండా పెద్దమ్మా."

"పైకి తెలియదా?"

"తెలియదు పెద్దమ్మా. పైకి పచ్చగానే ఉంటాది. లోపల ఎండిపోయినాక గానీ బయటపడదు."

ఆమె తల ఊపింది. ఇంకేదో చెప్పడానికన్నట్టు అక్కడే కాసేపు నిలబడింది. కంబగిరి చువ్వ పైకి లాగి, కొనకు అంటిన మట్టిని వేళ్లతో నలిపి చూసుకున్నాడు. తల ఎత్తి "తింటివా పెద్దమ్మా?" అన్నాడు.

"తింటి నాయనా."

అతను పైపు పక్క మడికి మార్చుకున్నాడు.

వారం తిరక్కుండానే ఒక సాయంత్రం ఆమె రాలేదు. చుట్టాల ఇంటికి పోయిందేమోనని కంబగిరి ఆమె ఆకు మూతపెట్టి పక్కన ఉంచాడు. మర్నాడు ఇరుగుపొరుగువాళ్లు తలుపు తోసి చూస్తే గడప దగ్గరే పడి ఉంది. ఒళ్లు చల్లబడి చాలాసేపయింది.

శవానికి స్నానం చేయించే హుసేన్‌బీ లోపలి నుంచి వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ స్వామితో గొంతు తగ్గించి చెప్పింది. "ఎత్తితే బరువే లేదు స్వామీ. పసిపిల్ల ఉన్నట్టుంది. ఎన్నాళ్లయిందో ఈ తల్లి ముద్ద ముట్టి."

నీళ్ల బిందెతో అక్కడే నిలబడ్డ కంబగిరికి ఆ మాట వినబడింది. ముందు కోపం వచ్చింది. రోజూ తన చేత్తో ఆకు నిండా పెట్టి ఇచ్చాడు, హుసేన్‌బీకి ఏం తెలుసు?

కొడుకు పక్కనే గొయ్యి తవ్వారు. ఖాసీంను పెట్టిన తర్వాత కంబగిరి కబరస్తాన్ వైపు పోయింది లేదు. ఇప్పుడు మట్టి ఎత్తడానికి సాయం పోయి, ఖాసీం సమాధి తలవైపు చూశాడు. అక్కడ విస్తరాకులు ఉన్నాయి. నాలుగు మడతలు మడిచి, ఎగిరిపోకుండా ఒక్కోదాని మీద రాయి పెట్టినవి. అడుగున ఉన్నవి ఎండి పొడిపొడి అయ్యాయి. వాటిలో కొన్నిటిని కుక్కలు చించి లాగాయి. పైన ఉన్న ఆకు సందుల్లోంచి ఎండిన మెతుకులు కనిపిస్తున్నాయి, చీమలు బారులు కట్టాయి. ఆ ఆకులు కుట్టింది తానే. తన కుట్టు తనకు తెలియకుండా పోతుందా?

స్వామి కూడా చూశాడు. కింద కూర్చుని పై ఆకు విప్పి, అందులోని మెతుకులను చూసి, మళ్లీ ఆమె మడిచినట్టే మడిచి రాయి పెట్టాడు. ఇంటికి వచ్చే దారిలో ఆయన అన్నది ఒక్క మాటే.

"నీకు అప్పజెప్పి నేను నిశ్చింతగా కూచుంటి."

ఆ సాయంత్రం అన్నం వండలేదు. వచ్చినవాళ్లు కాసేపు గడ్డి మీద కూర్చుని లేచిపోయారు. అందరూ వెళ్లాక కంబగిరి గురువు ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. ఏడవడానికి కూడా అతనికి ముఖం చెల్లలేదు.

"రోజూ అడిగినా స్వామీ" అన్నాడు. "ఒక్క పూట కూడా మరిచిపోలా. తింటి అనె. ఎప్పుడడిగినా తింటి అనే చెప్పె."

స్వామి తల ఎత్తాడు. ఆయన కళ్లు వాచి ఎర్రబడి ఉన్నాయి.

"గడ్డిని అడిగినావా నాయనా?" అన్నాడు.