ఇసుక దిబ్బల చెవులపిల్లి

అనగనగా ఒక ఊళ్ళో... ఊళ్ళో కూడా కాదే చిట్టితల్లీ, ఊరు దాటితే ఏరు, ఏరు దాటితే ఇసుక దిబ్బలు. ఆ దిబ్బల మీద ఒక తల్లి కుందేలు ఉండేది. మా వైపు దాన్ని చెవులపిల్లి అంటాం.

గేటు వైపు చూసింది చాలు. మీ అమ్మ డ్యూటీ దిగి, బస్సెక్కి, ఆ మలుపు తిరిగేసరికి నీకు సగం నిద్ర అయిపోతుంది. ఇటు తిరిగి పడుకుని ఊఁ కొట్టు. ఊఁ ఆగితే కథ కూడా ఆగుతుంది, ముందే చెబుతున్నా.

ఆ దిబ్బల మీద పెద్ద చెట్టు లేదు, చెరువు లేదు. ఉన్నవల్లా వెంపలి పొదలు, నాలుగు గడ్డి పరకలు. మధ్యాహ్నమైతే ఇసుక పెనంలా కాలేది. అయినా ఆ కుందేలు నీళ్ళ కోసం ఎక్కడికీ పరుగెత్తేది కాదు. తెల్లవారుజామున గడ్డి మీది మంచు, ఆకుల్లోని పసరు, అవే దానికి నీళ్ళు. ఒళ్ళు వేడెక్కితే పల్చటి చెవులు రెండూ గాలికి నిలబెట్టేది, వేడంతా వాటిలోంచి పోయేది. నీలాగా ఫ్యాను వెయ్యమని గొడవ చేసేది కాదు.

ఒకరోజు దానికి మూడు పిల్లలు పుట్టాయి. పుట్టేటప్పటికే ఒంటినిండా బొచ్చు, తెరిచిన కళ్ళు. నువ్వు పుట్టినప్పుడు రోజంతా కళ్ళే తెరవలేదు, మీ అమ్మకి ఒకటే దిగులు.

ఆ తర్వాత ఆ మూడు పిల్లలూ మూడు పొదల కింద సర్దుకున్నాయి. ఈ కుందేలు బొరియ తవ్వదు. ఇసుకలో ఒంటికి సరిపడా పల్లం చేసుకుని కూర్చుంటుంది, అదే ఇల్లు. "పొద్దుగూకాక వస్తా, అందాకా కదలొద్దు" అని చెప్పి తల్లి దూరంగా వెళ్ళిపోయింది.

ఎందుకు వెళ్ళిందీ అంటావా? తల్లికి ఒంటి వాసన ఎక్కువ, పిల్లకి తక్కువ. తల్లి పక్కనే ఉంటే ఆ వాసన పట్టుకుని నక్క వస్తుంది. అందుకని రోజుకి ఒక్కసారే, వెలుగు తగ్గాక వచ్చేది. గబగబా చిక్కటి పాలిచ్చేది, వెళ్ళిపోయేది. ఆ పాలే పిల్లకి మర్నాటిదాకా.

ఇప్పుడు అన్నిటికంటే చిన్నపిల్ల సంగతి చెబుతా.

మొదటిరోజు గద్ద వచ్చింది. దాని నీడ పొద మీదుగా మూడుసార్లు తిరిగింది. పిల్ల చెవులు వీపుకి ఆనించి, కదలకుండా కూర్చుంది. గద్ద వెళ్ళిపోయింది.

రెండోరోజు నక్క వచ్చింది. బెత్తెడు దూరంలో ముక్కు పెట్టి వాసన చూసింది. పిల్ల గుండె టకటకా కొట్టుకుంది, కానీ ఒళ్ళు మాత్రం కదల్లేదు. నక్క కూడా వెళ్ళిపోయింది.

మూడోరోజు తిప్పక్క వచ్చింది. భయపడకు, తిప్పక్క రాక్షసి కాదు. ఏటి పక్కన గొర్రెలు కాసే ఓబన్న తాతకి మనవరాలు, నీకంటే రెండేళ్ళు పెద్దది. పొద కింద పిల్లని చూసి, "అయ్యో, దీనికి ఎవరూ లేరే!" అనుకుంది. ఎదురుగా కూర్చుని, ఒళ్ళో ఉన్న శనక్కాయలు ఒలుచుకు తింటూ తల్లి కోసం చూసింది. పొద్దు నడినెత్తికి వచ్చింది, పడమరకి వాలింది. తల్లి జాడే లేదు. తిప్పక్కకి జాలిపడడం వచ్చుగానీ కుందేళ్ళ సంగతి ఏం తెలుసు? అప్పుడు ఆ కుందేలు పిల్లని పావడ ఒళ్ళో వేసుకుని తీసుకుపోయింది. గద్దకి దొరకనిది, నక్కకి దొరకనిది, తిప్పక్క ముద్దుకి దొరికిపోయింది.

గొర్రెల మంద దగ్గర తిప్పక్క గుడ్డ వత్తిని పాలలో ముంచి నోటికి పెట్టింది. పిల్ల మూతి తిప్పేసుకుంది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ తిప్పుకుంది. మూడోసారి కళ్ళు మూసుకుంది.

అప్పుడు ఓబన్న తాత వచ్చాడు. "యాడిదమ్మీ ఇది?" అన్నాడు.

"దీనికి అమ్మ లేదు తాతా. పొద్దున్నుంచి ఆడే కూసోని చూస్తి. రాలే."

"నువ్వు ఆడ కూసోనుంటే అదెట్ల వచ్చాది?" అన్నాడు తాత. "పొద్దుగూకినాక వచ్చాది. పిల్ల లేకుంటే ఎతుక్కోని పోతాది. ఇది ఆకలితో సచ్చాది. పొద్దు ఇంకా మూరెడుంది, పరిగెత్తు. తీసిన తావులోనే పెట్టు. చేతులకి వెంపలాకు నలిపి పూసుకో, మన వాసన అంటకూడదు."

తిప్పక్క పరుగెత్తింది. కానీ ఇసుక దిబ్బల్లో పడమటి గాలి ఊరుకుంటుందా? వచ్చిన అడుగులన్నీ తుడిచేసింది. ఎటు చూసినా వెంపలి పొదలే, అన్నీ ఒకేలా ఉన్నాయి. ఒక పొద కింద చూసింది, పల్లం లేదు. ఇంకో పొద కింద చూసింది, లేదు. అటు పొద్దు దిగిపోతోంది. తిప్పక్కకి ఏడుపొచ్చింది. మూడో పొద కొమ్మల్లో ఏవో చిక్కుకుని ఉన్నాయి. ఏంటవి? శనక్కాయ డొల్లలు! పొద్దున తను తిని పారేసినవే. కింద చెయ్యి పెట్టి తడిమితే, అరచేతి అంత పల్లం. పిల్లని దించితే అందులో సరిగ్గా ఒదిగిపోయింది.

ఆ తర్వాతే అసలు కష్టం. తల్లి వచ్చిందో లేదో చూడాలని తిప్పక్కకి ప్రాణం కొట్టుకుపోతోంది. కానీ తను ఉంటే తల్లి రాదు. అందుకని వెనక్కి తిరిగి చూడకుండా నడిచి వెళ్ళిపోయింది.

తెల్లారగానే తాతని లాక్కుని వెళ్ళింది. గాలి పడిపోయింది, ఇసుక మీద కుందేలు అడుగులు చక్కగా కనిపిస్తున్నాయి. కుందేలు ఎగిరేటప్పుడు వెనక కాళ్ళు ముందు పడతాయిలే, పెద్దవి రెండు ముందు, చిన్నవి రెండు వెనక. అడుగులు పొద వైపే పోయాయి. కానీ పొద ఇంకా అల్లంత దూరం ఉండగానే ఆగిపోయాయి.

"సగం దాకా వచ్చి తిరిగిపాయ తాతా!" అని తిప్పక్క ఏడ్చేసింది.

"తిరిగిపోతే ఎనక్కి పోయిన అడుగులుండల్ల గదా. యాడున్నాయి?" అన్నాడు తాత.

లేవు. అప్పుడు తిప్పక్క పొద అవతలికి చూసింది. అటువైపు అంతే దూరంలో అడుగులు మళ్ళీ మొదలయ్యాయి, దిబ్బ ఎక్కి వెళ్ళిపోయాయి. పిల్ల దగ్గరికి అడుగుల బాట ఉంటే నక్క కూడా అదే బాటలో వస్తుందని, తల్లి ఆ దూరమంతా ఒక్క గెంతులో వచ్చింది, ఒక్క గెంతులోనే వెళ్ళింది. పొద నీడలో చిన్నపిల్ల పాలు తాగిన పొట్టతో కూర్చుని ఉంది, కదలకుండా.

ఏమే, ఊఁ ఆగింది? నిద్రపోయావా?

ఏంటీ, పగలంతా తల్లి ఎక్కడుందా? దూరంగా ఇంకో పొద కింద ఉంది. చెవులు మాత్రం పిల్ల వైపు తిప్పుకునే ఉంది. నిన్న నువ్వు రెండుసార్లు దగ్గావో లేదో, ఫోను మోగిందా లేదా? మీ అమ్మ చెవులు కూడా అంత పొడుగు మరి.

కథేమో కంచికి,
కుందేలేమో దిబ్బకి,
తిప్పక్కేమో మందకి,
చిట్టితల్లి దుప్పట్లోకి,
ఆఖరి బస్సు మలుపుకి,
మీ అమ్మేమో ఇంటికి.