వాగు పండుగ విస్తళ్ళు

దగ్గరికి జరగండి పిల్లలూ. అనగనగా కొండ కింద ఒక అడవి. అడవి మధ్యలో ఒక వాగు. ఎండాకాలంలో ఎండిపోయిన ఆ వాగులోకి తొలకరికి మళ్ళీ నీళ్ళు వచ్చేవి. నీళ్ళు చూడగానే జంతువులకు ప్రాణం లేచి వచ్చేది. అందుకని అన్నీ కలిసి వాగుకు దండం పెట్టుకుని, పండుగ చేసుకునేవి. ఏడాదికొకరి ఇంట్లో విందు.

ఆ ఏడు విందు ఎలుగుబంటి భీమన్న ఇంట్లో. భీమన్న మనసు మంచిదే. ఒళ్ళు వంచాలంటేనే బద్ధకం.

"మోదుగాకులు కోసుకురావయ్యా, విస్తళ్ళు కుట్టాలి" అంది అతని భార్య నల్లమ్మ.

భీమన్న ఆవులిస్తూ బయలుదేరాడు. దారిలో కోతి గంతులయ్య ఎదురయ్యాడు.

"ఆకులెందుకు మావా? కొండమీద జాతరకొచ్చిన మనుషులు ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, తళతళలాడే కాగితాలు కట్టలు కట్టలుగా వదిలేసి పోయారు. ఇట్టే పట్టుకొస్తా!" అన్నాడు.

భీమన్నకు ఆ మాట తేనెలా తియ్యగా తగిలింది. కాసేపటికి ఇంటి ముందు తెల్లటి ప్లేట్ల గుట్ట పడింది.

నల్లమ్మ ముఖం చిట్లించింది. "ఆకైతే మట్టిలో కలుస్తుంది. ఇవెక్కడికి పోతాయి?"

"వానొస్తుందిగా. అదే ఊడ్చుకుపోతుంది" అన్నాడు భీమన్న.

విందుకు వచ్చినవాళ్ళంతా ఆ తళుకులు చూసి అబ్బో అన్నారు. నేరేడు పళ్ళు, దుంపలు, తేనె కడుపారా తిన్నారు. ఇక వాగుకు దండం పెడదామని లేచారో లేదో, ఆకాశం నల్లబడింది. ఉరుములు ఉరిమాయి. వాన దబదబా కురిసింది. ఎక్కడి ప్లేట్లు అక్కడే వదిలేసి అందరూ ఇళ్ళకు పరుగెత్తారు. భీమన్న చెప్పినట్టే వాన అన్నింటినీ ఊడ్చుకుపోయింది.

తెల్లారింది. వాన వెలిసింది. ఇంతలో వాగు గట్టు నుంచి ఏడుపు వినిపించింది. కుందేలు దూదమ్మ గట్టు మీద గుండెలు బాదుకుంటోంది.

"మేతకు వెళ్ళొచ్చేసరికి బొరియ గుమ్మం మునిగిపోయింది. లోపల నా పిల్లలున్నాయి అన్నా!"

భీమన్న పరుగున వచ్చి చూశాడు. వాగులో రెండు బండల నడుమ నీళ్ళు పోయే సందు పూడుకుపోయింది. ప్లేట్లు, గ్లాసులు, కాగితాలు బురదతో కలిసి అడ్డుకట్టలా బిగుసుకున్నాయి. నీళ్ళు వెనక్కి తన్ని గట్టెక్కుతున్నాయి.

అవి ఎవరి ప్లేట్లో అతను ఒకరిని అడగక్కర్లేదు.

భీమన్న నీళ్ళలోకి దూకాడు. గోళ్ళతో పీకాడు, పళ్ళతో లాగాడు. గంతులయ్యా, దుప్పి చుక్కయ్యా వచ్చి అందుకున్నారు. ఇటు నల్లమ్మ గట్టు పైనుంచి మట్టి తవ్వింది. తవ్వి తవ్వి, బొరియ లోపలికి చేయి పెట్టి, తడిసి వణుకుతున్న పిల్లల్ని ఒక్కొక్కటిగా పైకి తీసింది. అన్నీ బతికే ఉన్నాయి. అడ్డు తొలగి నీళ్ళు కిందికి దిగాయి.

దూదమ్మ పిల్లల్ని నాకి నాకి, లేచి భీమన్నకు దండం పెట్టింది.

"నాకు పెట్టకమ్మా" అన్నాడు భీమన్న తల దించుకుని. "నీ ఇంట్లోకి నీళ్ళు తోలింది నేనే."

"తోలింది నువ్వే. అందరికంటే ముందు దూకిందీ నువ్వే. నాకు రెండూ గుర్తుంటాయిలే అన్నా" అంది దూదమ్మ.

గట్టు మీద చెత్త కుప్ప అలాగే ఉంది.

"కాల్చేద్దాం" అన్నాడు గంతులయ్య.

"ఆ పొగ మనమే పీల్చాలి" అంది నల్లమ్మ.

"పాతేద్దామా?" అన్నాడు చుక్కయ్య.

"నేల తవ్వుకుని బతికేది మేమే కదా" అంది దూదమ్మ.

"పోనీ, మళ్ళీ వాగులో..." అనబోయి గంతులయ్య నాలుక కరుచుకున్నాడు.

ఇక దారి ఒక్కటే. భీమన్న మూటలు కట్టి వీపున వేసుకున్నాడు. కొండమీద రోడ్డు పక్కనున్న చెత్తకుండీ దాకా మోశాడు. దిగాడు, మళ్ళీ ఎక్కాడు. గంతులయ్య పొదల్లో చిక్కుకున్న కాగితాలు ఏరాడు. ఆకులు కుట్టడానికి ఒక్క పూట చాలేది. ఈ చెత్త ఎత్తడానికి రోజుల తరబడి పట్టింది.

ఆ పని ముగిశాక భీమన్న అందరినీ పిలిచాడు. "మొన్న వాగుకు దండం పెట్టకుండానే పారిపోయాం. మళ్ళీ పండుగ చేద్దాం" అన్నాడు.

ఈసారి ఆకులు తనే కోశాడు. నల్లమ్మ నేర్పుతుంటే పుల్లలతో విస్తళ్ళు కుట్టాడు. వంకరటింకరగానే వచ్చాయి. అయినా దూదమ్మ పిల్లలు వాటి చుట్టూ చేరి కడుపునిండా తిన్నాయి. అందరూ వాగు ముందు నిలబడ్డారు.

"తల్లీ, మా తప్పు కడుపులో పెట్టుకుని, పిల్లల్ని మాకు మిగిల్చావు. నీ మేలు మరిచిపోం" అన్నాడు భీమన్న.

దండం పెట్టి వెనక్కి తిరిగి చూస్తే, చుక్కయ్య ఆఖరి విస్తరి నములుతున్నాడు. మిగతావన్నీ అప్పటికే తినేశాడు.

"ఎత్తడానికేమీ మిగల్చలేదురా!" అంటూ భీమన్న పడీపడీ నవ్వాడు. అడవంతా నవ్వింది.

నీతి: పండుగ సంతోషం మనకు మిగలాలి గానీ, దాని చెత్త నేలకూ నీటికీ మిగలకూడదు.