గోరింక మామయ్య భయంకర జోలపాట

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక గోరింక. మామూలు గోరింక కాదర్రా, కవి! నోరు తెరిస్తే పిడుగుల్లాంటి మాటలే. ఒక్క ఆకు రాలినా "పర్ణము కూలెను!" అనేది. ఉడుతలు ఏమీ అర్థంకాక చప్పట్లు కొట్టేవి.

ఒక సాయంత్రం చుక్కల లేడి దాని దగ్గరికొచ్చింది.

"గోరింకన్నా, నేను నీళ్ళకెళ్ళాలి. మేం పిల్లల్ని గడ్డిలో దాచి వెళ్తాం కదా! మా చుక్కి నిద్రపోతే కిక్కురుమనదు. మెలకువగా ఉంటే మాత్రం నన్ను పిలుస్తుంది. ఆ పిలుపు నక్క వింటే ఇంకేముంది! కాస్త జోల పాడవూ?"

"ఓస్, అంతేనా!" అంది గోరింక. లేడి వెళ్ళగానే గొంతు సవరించుకుంది.

"గాలి విరుచుకుపడెను! చీకటి అడవిని మింగెను! నిద్ర నిన్ను పట్టుకొనెను!"

చుక్కి చెవులు నిక్కాయి. "మామయ్యా, ఎవరు ఎవర్ని మింగారు?"

గోరింక తికమకపడింది. గాలి వీస్తోంది, చీకటి పడుతోంది, నిద్రొస్తోంది. ఇందులో భయమేముంది? గొంతు పెద్దదైందేమో! అదే పాట గుసగుసగా పాడింది. "మిం... గె... ను..."

"అమ్మో! ఇప్పుడు నిజంగానే వస్తున్నట్టుంది!" అని చుక్కి వణికింది.

రాగం తప్పిందేమో! ఈసారి తియ్యగా సాగదీసింది. చుక్కి లేచి నిలబడి "అమ్మా" అనబోయింది. అంతలో పొదల అవతల నక్క కూసింది.

గోరింకకు చెమటలు పట్టాయి. అవును, గోరింకకే! "ఆగాగు తల్లీ! దేన్ని చూసి భయం నీకు?"

"నీ పాటంటేనే! మింగేదీ, పట్టుకునేదీ నక్కే కదా మామయ్యా. అది నా జోలపాటలోకి ఎందుకొచ్చింది?"

"మింగెను" అనే మాటంటే గోరింకకు ప్రాణం. వదలబుద్ధి కాలేదు. కానీ చుక్కి కాళ్ళు గజగజలాడుతున్నాయి. వదిలేసింది.

"గాలి నిన్ను నిమిరింది. చీకటి దుప్పటి కప్పింది. నిద్ర నీ పక్కన ఒదిగింది."

అదే గాలి. అదే చీకటి. అదే నిద్ర. చుక్కి ఆవులించింది, కాళ్ళు ముడుచుకుంది, కళ్ళు మూసింది. నక్క ఆ గడ్డి పక్కనుంచే నడిచిపోయింది. దానికి ఏమీ వినపడలేదు.

మరి గోరింక ఊరుకుంటుందా? నక్క వాగు దాటేదాకా ఆగి, దాని చెవి దగ్గర వాలి మొదలెట్టింది. "చీకటి అడవిని మింగెను!"

నక్క తోక ముడిచి ఒకటే పరుగు. ఎవరు ఎవర్ని మింగారో దానికి ఇప్పటికీ తెలీదు!

నీతి: చెప్పే సంగతి ఒకటే అయినా, ఏరుకున్న మాటను బట్టే పాట భయపెడుతుంది, పాట జోకొడుతుంది.